చేపల తొట్టి అడుగున ఇసుకకు మన కాలువ చేపలు

పాఠశాల వరండాలోనో, పంచాయతీ కార్యాలయపు గదిలోనో, గ్రంథాలయములోనో అద్దపు తొట్టి నొకదానిని పెట్టి అందులో చేపలను పెంచుట ఇప్పుడు గ్రామములలో సైతము కనిపించుచున్నది. పిల్లలకది వినోదము, పెద్దలకు కన్నుల కింపు, ఉపాధ్యాయునకు పాఠము చెప్పుటకు మంచి సాధనము. మొదటి నెల అందరును తొట్టి చుట్టు చేరుదురు. రెండవ నెలలో అద్దమునకు పచ్చని పాచి పట్టును. అడుగున పరచిన ఇసుకపై తినగా మిగిలిన మేతయు, చేపల మలమును పేరుకొని నల్లని పొర కట్టును. మూడవ నెలకు తొట్టి సమీపమున నిలుచుట కష్టమగును. అప్పుడు తొట్టిని చూచుకొనువారు పట్టణమునకు పోయి దుకాణదారుని, "అడుగును శుభ్రము చేయు చేప యేదైన ఉన్నదా?" అని అడుగుదురు. దుకాణదారుడు సంతోషముగా ఒక చేపపిల్లను నీళ్లసంచిలో వేసి యిచ్చును.

ఆ ప్రశ్నను గూర్చియు, ఆ చేపపిల్లను గూర్చియు పంచాయతీ సభ్యులతో కొన్ని మాటలు చెప్పదలచితిమి. అద్దపు తొట్టి యెంత, దానికి పంచాయతీతో పనియేమి యని సభ్యులకు తోచవచ్చును. తొట్టిలోని చేప తొట్టిలోనే యున్నంతకాలము పనిలేదు. అది ఊరి చెరువునకు చేరిన దినమున చెరువును పాటకు తీసికొన్న మత్స్యకారులకును, పాట సొమ్మును లెక్కలో చూపవలసిన పంచాయతీకిని పనిపడును.

కొన్ని నెలల క్రిందట మేము చూచిన యొక పాఠశాల సంగతి చెప్పెదము. తొట్టిలో ఎర్రచేపలతోపాటు నల్లని మచ్చలు గల చేప యొకటి అద్దమునకు నోటి నానించి అతుకుకొని యున్నది. పట్టణములో దానిని 'సక్కరు చేప' యని అమ్ముదురు. తెచ్చినపుడు రెండంగుళములున్న ఆ చేప మేము చూచునాటికి జానెడు దాటినది. అది పాచిని తినుట కొంత నిజమే. కాని తిన్నదానికి తగినట్లు విసర్జించుచు, ఇసుకనంతటిని పొడవైన నల్లని మలముతో నింపుచున్నది. "శుభ్రము చేయుటకు తెచ్చితిమి, ఇప్పుడు దానిక్రింద శుభ్రము చేయుటకే మరియొకరు కావలసియున్నది," అని ఉపాధ్యాయుడు నవ్వుచు చెప్పెను. ఇంతకుముందున్న చేప యేమైనదని మేమడుగగా, పెద్దదైపోయినందున పిల్లలు జాలిపడి చెరువులో వదలిరని ఆయన జవాబిచ్చెను. ఆ జాలియే మేమీ వ్యాసము వ్రాయుటకు కారణము.

ఆ చేప మన దేశమునది కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా ఖండములోని నదులు. రంగుచేపల వ్యాపారమువలన దేశదేశములకు పోయి, తొట్లనుండి కాలువలకును, కాలువలనుండి నదులకును చేరినది. మన రాష్ట్రములో కృష్ణా, గోదావరి నీళ్లు పారు కాలువలలోను, చెరువులలోను ఇప్పుడది మత్స్యకారుల వలలలో పడుచున్నది. వారు దానిని 'దయ్యపు చేప' యనుచున్నారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తూర్పు కనుమల ప్రాంతపు నీటివనరులనుండి నీటి నమూనాలను తెచ్చి, చేపలు నీటిలో విడుచు జన్యుపదార్థమును పరీక్షించి, ఈ జాతి అనేక తావులకు వ్యాపించినట్లు ఇటీవల కనుగొనిరి.

అది పెరిగిన పిమ్మట అడుగున్నర వరకు ఉండును. ఒడలంతయు పొలుసులకు బదులు గట్టి యెముక పలకలు కవచమువలె కప్పియుండును. రెక్కలకు ముండ్లుండును. వలలో పడినపుడు నూలును చింపివేయును. వలనుండి దానిని విడదీయుటకు జాలరి చేతులు గాయపడును. తీసిన తరువాత కొనువాడు లేడు. గట్లలో లోతుగా బొరియలు త్రవ్వి అందులో గ్రుడ్లు పెట్టును గనుక చెరువుగట్టు వదులగును. గాలిని మ్రింగి బ్రతుకగలదు గనుక మురికినీటిలోను చావదు, ఒడ్డున పడవేసినను చాలసేపటి వరకు చావదు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు పిల్లలను కొని చెరువులో పోసిన సంఘమువారికి ఇంతకంటె నష్టము చేయు అతిథి యుండడు.

బయటి చేపను మేలుకోరి తెచ్చి పిమ్మట బాధపడుట మనకు క్రొత్తకాదు. 1952లో తిలాపియాను మన దేశమునకు తెచ్చిరి. త్వరగా పెరుగును, ఏ నీటిలోనైన బ్రతుకును, పేదవానికి చవుకగా మాంసకృత్తు లభించునని అప్పటి యాశ. అది పెరుగుటకు ముందే గ్రుడ్లుపెట్టి, లెక్కకు మిక్కిలిగా పిల్లలు చేసి, చెరువులనిండ చిన్నచేపలై నిండినది. 1959లో దాని పెంపకము వద్దని నిర్ణయము చేయవలసివచ్చినది. అప్పటికే చేయి దాటినది. ఆఫ్రికా మార్పు చేప సంగతియు ఇట్టిదే. దాని పెంపకముపై నిషేధముండగా, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆ నిషేధమును గట్టిగా అమలుపరుపవలెనని చెప్పినది. తినుటకై తెచ్చిన చేపలు చేసిన పనియే ఇది. అలంకారమునకు తెచ్చిన చేప చేయజాలదని యెవరు చెప్పగలరు?

ఇక అసలు ప్రశ్నకు వత్తము. తొట్టి అడుగును శుభ్రము చేయు చేప ఉన్నదా?

చేప మలమును తిని బ్రతుకు చేప లేదు. ఇది మొదట తెలిసికొనవలెను. అడుగున తిరుగు చేపలు చేయు పని రెండు విధములు. ఇసుకలో పడి మిగిలిన మేతను, అందులో పుట్టు సన్నని పురుగులను ఏరి తినుట మొదటిది. ఇసుకను కదిలించి గట్టి పొర కట్టకుండ చేయుట రెండవది. ఈ రెండును విలువగల పనులే. కాని చేప యొకటి పెరిగిన కొలది మలమును ఒక పాలు పెరుగును. శుభ్రమునకని పది చేపలను అదనముగ వేసినవాడు శుభ్రమును తెచ్చుకొనలేదు, పది చేపల మురికిని తెచ్చుకొనెను.

నిజముగ మురికిని హరించునవి కంటికి కనిపించవు. మలమునుండియు, కుళ్లిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది చేప మొప్పలను కాల్చివేయును. ఇసుకరేణువులకు అంటిపెట్టుకొని యుండు సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగను, మరికొన్ని దానిని నైట్రేటుగను మార్చును. అమ్మోనియావలెనే నైట్రైటును విషమే. నైట్రేటు మాత్రము కొంత యెక్కువయైనను చేపలు ఓర్చును, నీటిమొక్కలు దానిని ఎరువుగా పీల్చుకొనును. ఈ సూక్ష్మజీవులు తగినంత వృద్ధిపొందుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. క్రొత్త తొట్టిలో ఒకేసారి ఇరువది చేపలను వేసి, వారము తిరుగకముందే అవి చచ్చినవని విచారించువారు ఈ సంగతి యెరుగక చేయు పొరపాటది. రెండు మూడు చేపలతో మొదలిడి, నెల గడచిన పిదప మిగిలినవి వేయవలెను. తొట్టి నల్లబడెనని ఇసుకనంతటిని తీసి మరుగునీటితో కడుగుటయు ఇట్టి పొరపాటే. మురికితోపాటు దానిని హరించువారిని కూడ పారబోసినట్లగును.

ఇసుకయే అడుగు చేపకు ఇల్లు గనుక దానిని గూర్చి కొంచెము వివరముగ చెప్పవలెను. వాగులో లభించు సన్నని, గుండ్రని రేణువుల ఇసుక మంచిది. రాతిని పిండిచేసి తయారుచేయు ఇసుక, కంకర పొడి పనికిరావు. వాని అంచులు వాడిగా నుండి, నేలను వెదకు చేపల మీసములను కోసివేయును. మీసములు అరిగిన చేప మేత కనుగొనలేక చిక్కిపోవును. సముద్రపు ఇసుకయు వద్దు, అందులో ఉప్పును, గవ్వల సున్నమును ఉండును. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదునైదంగుళముల ఎత్తు గల తొట్టిలో నిండుగ పోసిన సుమారు 100 లీటర్ల నీరు పట్టును. అట్టి తొట్టికి అంగుళమున్నర మందమున ఇసుక చాలును. అది 16 కిలోలకు కొంచెము అటునిటుగ నుండును. నీరు తేరువరకు పది పండ్రెండుసార్లు కడిగి వేయవలెను. మూడు నాలుగంగుళముల మందమున వేసి కదల్పకుండ విడిచినచో లోపలి పొరకు ప్రాణవాయువు అందక నల్లబడి, కుళ్లిన గ్రుడ్డు వాసనగల విషవాయువును పుట్టించును.

ఈ ఇసుకకు తగిన చేప మన కాలువలలోనే యున్నది. చిటికెనవ్రేలంత పొడవుండి, మూడంగుళములకు మించి పెరుగక, పాలిపోయిన ఇసుకరంగు ఒడలిపై గోధుమరంగు మచ్చలు వరుసగా గలిగి, నోటిచుట్టు పొట్టి మీసములు గల చేప యది. కొన్నిచోట్ల దీనిని 'ఉలస' యందురు. తమిళనాట 'అయిరై' యని పిలిచి, పులుసు వండుకొని మిక్కిలి ఇష్టముగ తిందురు. పేరు ఊరూరికి మారును గనుక సభ్యులు పేరుకై వెదకక, మీ యూరి జాలరి పెద్దను పిలిచి, "ఇసుకలో దూరి కన్నులు మాత్రమే పైకి పెట్టుకొను చిన్నచేప యేది?" అని అడిగిన చాలును. ఆయన వెంటనే చెప్పును.

దక్షిణ భారతదేశమునను, సింహళమునను నిదానముగ పారు నీటిలో, ఇసుకనేలపై ఇది నివసించును. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరులో వేడినీటి చేప యను అర్థము గలదు. 1846లో దీనిని మొదట వర్ణించినపుడు సింహళములోని వేడినీటి బుగ్గలనుండి తెచ్చిన చేపలను చూచి వర్ణించుటచే ఆ పేరు వచ్చినది. మన వేసవి వేడిమికి మేజాబల్లపై తొట్టిలో దొరసానుల దేశపు చేపలు తల్లడిల్లునపుడు ఇది తట్టుకొనుటలో ఆశ్చర్యము లేదు.

ఇది మేసెడి తీరు చూడముచ్చటగా నుండును. నోటినిండ ఇసుకను తీసికొని, లోపలనే జల్లించి, తినదగినదానిని మ్రింగి, ఇసుకను మొప్పలనుండి విడిచిపెట్టును. ధాన్యము తూర్పారబట్టుట చూచిన పిల్లలకు ఈ పనిని వేరుగ వివరింపనక్కరలేదు. పగటివేళ సగము దాగియుండి, చీకటి పడునపుడు చురుకుగ తిరుగును. ఇతర చేపల జోలికి పోదు. ఒంటరిగ నుంచినచో భయపడి ఇసుకనుండి బయటకు రాదు గనుక ఐదారింటిని కలిపి వేయవలెను. మేము చెప్పిన కొలత తొట్టిలో ఆరు ఉలసలును, పై నీటిలో తిరుగుటకు ఎనిమిది పది చిన్న పరిగెలును చాలును. అంతకు మించిన ఆశ వద్దు.

దీనికి మరియొక గుణము గలదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు పైకి వచ్చి గాలిని మ్రింగి, ప్రేగుల ద్వారా దానినుండి ప్రాణవాయువును తీసికొనును. ఎప్పుడైన ఒకసారి పైకి వచ్చుట సహజము. అన్నియు మాటిమాటికి పైకి పరుగెత్తుచున్నచో నీరు చెడినదని తెలియవలెను. కార్యాలయములో కొలుచు సాధనము లేకపోయినను ఈ చేపయే హెచ్చరిక చేయును.

కంటిక్రింద దీనికి సన్నని ముల్లుండును. భయపడినపుడు దానిని నిలువబెట్టును. వలసంచితో పట్టినచో ముల్లు దారములో చిక్కి చేప గాయపడును. చిప్పతోనో, గ్లాసుతోనో నీటితోసహా తీయుట మంచిది. మందుల విషయములోను జాగ్రత్త అవసరము. దీని పొలుసులు మిక్కిలి సూక్ష్మములై చర్మములో నిమిడియుండుటచే, ఇతర చేపలకు జబ్బుచేసినపుడు కొందరు వేయు మైలుతుత్తము వంటి మందులు దీనికి ప్రాణాంతకమగును.

అడుగున తిరుగు చేపలు మన నీళ్లలో ఇంకను చాల గలవు. అన్నియు తొట్టికి తగవు. ఇసుకదొందు రూపములో ఉలసకు దగ్గరగా తోచి పలువురిని మోసపుచ్చును. అది అడుగుననే పొంచియుండి చిన్నచేపలను మ్రింగును, అడుగు దాటి పెరుగును. తెల్లవారునప్పటికి పరిగెలు మాయమైనచో దొందును అనుమానింపవలెను. చారల జెల్ల యందముగ నుండును, మిగిలిన మేతను బాగుగ తినును. కాని రాత్రివేళ చిన్నచేపలను వేటాడును, దాని రెక్క ముల్లు పిల్లల చేతికి గ్రుచ్చుకొన్నచో మిక్కిలి బాధించును. పాఠశాల తొట్టికి మేము దానిని చెప్పము. బొమ్మిడాయి ఇసుకలో దూరి కదలించుటలో నేర్పరి. అయితే బ్రతికిన ఎర్రలు తప్ప రాలిన మేతను అది ముట్టదు. మూతలో వ్రేలెడు సందున్నను జారి బయటపడి, ఉదయమునకు నేలపై ఎండియుండును. మార్పు, ఇంగిలికము పెద్దవగును గనుక చెరువులోనే ఉండదగినవి.

అద్దముపై పాచి తినుటకే సక్కరు చేపను తెచ్చితిమనువారికి మన వాగులలోనే బదులు గలదు. రాతిని అంటుకొని పాచిని గీకి తిను చిన్నచేపలు కొండవాగులలోను, నదుల రాతినేలలలోను ఉండును. గడ్డముక్రింద గుండ్రని బిళ్ల వంటి భాగముతో రాతిని పట్టుకొనును. అయితే పారునీటికి అలవాటుపడిన చేప గనుక గాలి బుడగలను పంపు యంత్రము రేయింబవళ్లు నడచుచున్నచోట మాత్రమే బ్రతుకును. విద్యుత్తు తరచుగ పోవు గ్రామములలో దానిని వేసి చంపుట యెందుకు? పాచిని పాత గుడ్డతో తుడుచుట ఐదు నిమిషముల పని. కిటికీవద్ద ఎండ పడుచోటునుండి తొట్టిని జరిపినచో ఆ పనియు సగము తగ్గును.

చేపలు కాని పనివారు కూడ గలరు. చెరువు ఒడ్డున బురదలో సన్నగా మొనదేలి, మెలికలు తిరిగిన చిప్పగల చిన్న నత్త కనిపించును. అది పగలు ఇసుకలో దూరి రాత్రి పైకి వచ్చుచు ఇసుకను దున్నినట్లు కలియబెట్టును. నాలుగింటిని వేసిన చాలును. మేత యెక్కువైనపుడు అవి గుంపులుగ పెరుగును. అది నత్తల తప్పు కాదు, మేత వేయు చేతిది. నత్తలను పట్టిన పిల్లలు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. నీటిని వడపోయునని కొందరు ఆల్చిప్పను వేయుదురు. అది తొట్టిలో తగిన ఆహారము దొరకక, ఇసుకలోనే యెవరికిని తెలియకుండ చచ్చి, ఒక్క రాత్రిలో నీటినంతటిని చెరచును. అది వద్దు.

ఇక్కడ 'మన చేప' యను మాటకు అర్థము చెప్పవలెను. భారతదేశములో పుట్టినదంతయు మన యూరి చేప కాదు. గంగానది ఉపనదులలో పుట్టిన చేప గోదావరికి పరదేశియే. పడమటి కనుమలలో కృష్ణకు చేరు కొండనదులలో చారల బొట్టియా యను అందమైన అడుగుచేప గలదు. రంగుచేపల అంగళ్లకై పట్టుటవలనను, నదులు చెడుటవలనను అది అంతరించు ప్రమాదమున్న జాతుల పట్టికలో చేరినది. అట్టిదానిని కొనుట దేశభక్తియని యెవరైన చెప్పినను నమ్మవలదు. మీ యూరి కాలువలో సమృద్ధిగ నున్న చేపను, మీ యూరి తొట్టికి కావలసిన ఆరింటిని మాత్రమే తెచ్చుకొనుట మా సలహా. అప్పుడు ఎవరో అజాగ్రత్తగ తొట్టిని కాలువలో వంచినను క్రొత్త జాతి చేరదు. అట్లని వంచమని చెప్పుటలేదు. అంగడి చేపలతో కలిసియున్న ఉలసకు అంగడి రోగములు అంటియుండవచ్చును గనుక, తొట్టిలో నున్నదానిని తిరిగి చెరువులో విడువరాదు.

తొట్టిని చూచుకొనువారు చేయవలసిన పని చేపలకు అప్పగింపదగినది కాదు. వారమునకొకసారి పల్చని రబ్బరు గొట్టముతో అడుగునుండి నాలుగవవంతు నీటిని లాగివేయవలెను. మేము చెప్పిన తొట్టికి అది రెండు బకెట్లు. గొట్టపు కొనను ఇసుకకు అరంగుళము పైన తిప్పినచో మలము నీటితో వచ్చును, ఇసుక నిలిచియుండును. గొట్టములో నీరు కదలుటకు నోటితో పీల్చుట మానుడు. గొట్టమును నీటితో నింపి కొనను మూసి క్రిందకు దించిన చాలును. ఆ నీటిని కాలువలో పోయక పాదులకు పోయవలెను. ఆనప పాదునకు అంతకంటె మంచి ఎరువులేదు, అందులోని గ్రుడ్లును, పిల్లలును ఎండి నశించును.

తిరిగి పోయు నీటి విషయములో ఒక హెచ్చరిక. రక్షిత మంచినీటి పథకపు కుళాయినీటిలో బ్లీచింగు పొడి కలిసియుండును. మనుష్యుల క్షేమమునకు అది అవసరము, చేపలకును, ఇసుకలోని సూక్ష్మజీవులకును విషము. నీటిని వెడల్పు మూతిగల పాత్రలో ఒక దినము ఆరుబయట నిలువయుంచి పోయవలెను. బావినీరయినచో ఈ యిబ్బంది లేదు. మేత రోజుకొకసారి, రెండు నిమిషములలో చేపలు తినగలిగినంత మాత్రమే వేయుడు. పాఠశాలలో ప్రతి పిల్లవాడును తనవంతు చిటికెడు వేయవలెనని పంతముపట్టును. వంతులు వేసి, ఒక్క చేతికే ఆ పని యప్పగించుట ఉపాధ్యాయుని నేర్పు. ఉలసలకై సాయంకాలము దీపమార్పుటకు ముందు నానబెట్టిన వేరుశనగ చెక్క రెండు గింజలంత వేసిన చాలును. సెలవులలో రెండు మూడు దినములు మేత లేకున్నను చేపలకు హానిలేదు. సెలవులకని గుప్పెడు వేసిపోవుటయే హాని.

ఇదివరకే సక్కరు చేపయున్న తొట్ల సంగతి యేమి? దుకాణదారుడు తిరిగి తీసికొనినచో ఇచ్చివేయుడు. తీసికొననిచో తొట్టిలోనే పెంచుడు. పెంచలేనిచో మత్స్యశాఖ స్థానికోద్యోగిని సంప్రదింపుడు. చంపి గోతిలో పూడ్చుట కఠినమనిపించును, కాని చెరువులో విడుచుట చెరువులోని వేల చేపలకు కఠినము. వలలో పడినదానిని తిరిగి నీటిలోనికి విసరవద్దని, గట్టుపై విడిచినను కాలువలోనికి దొర్లిపోవచ్చునని జాలరులకును చెప్పవలెను.

పంచాయతీకి ఈ విషయములో అధికారము లేదనుకొనరాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండవ షెడ్యూలులో గ్రామ సంస్థలకు అప్పగింపదగిన 29 విషయములలో మత్స్యపరిశ్రమ యొకటి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘము నేర్పరచి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు నుంచవలెను. కొన్ని గ్రామములలో ఆ రిజిస్టరులో 'చేపలు' అను పుట ఖాళీగనో, రెండు మూడు పేర్లతోనో యుండుట మేము చూచితిమి. జాలరి పెద్దలను ఒక సాయంకాలము పిలిచి కూర్చుండబెట్టినచో ఆ పుట నిండును. ఏ చేప ఏ నెలలో ఏ నీటిలో కనిపించును, పదేండ్ల క్రిందటనుండి యేది తగ్గినది, దయ్యపు చేప మొదట ఎప్పుడు వలలో పడినది వ్రాసికొనుడు. ఉలసకు మీ యూరి పేరేమో అదే వ్రాయుడు.

చేపలను తెచ్చుటకు మంచి సమయము వేసవిలో కాలువలకు నీరు కట్టివేసిన తరువాతి దినములు. కాలువ అడుగున గుంటలలో నిలిచిన నీటిలో ఉలసలు చిక్కియుండును. ఎండకు ఆ గుంటలు ఎట్లును ఇంకిపోవును గనుక వానిని తీసినందున నష్టము లేదు. తొలకరి వానలకు క్రొత్తనీరు వచ్చునపుడు చేపలు గ్రుడ్లు పెట్టును. అప్పుడు పట్టవలదు. చల్లని సాయంకాలము వెడల్పు మూతి కుండలో అదే గుంట నీటితో తెచ్చి, మూతికి తడిగుడ్డ కట్టవలెను. తొట్టివద్ద గంటసేపు కుండలోనికి తొట్టి నీటిని గ్లాసు గ్లాసుగ పోయుచు అలవాటుచేసి, తరువాత చిప్పతో చేపలను మాత్రము తీసి వేయవలెను. కుండలోని గుంట నీటిని తొట్టిలో పోయవద్దు. ఆ రాత్రి దీపమార్పి విడిచినచో తెల్లవారునప్పటికి ఆరును ఇసుకలో దూరియుండును. కనిపించలేదని పిల్లలు ఇసుకను కెలుకకుండ చూడుడు. మూడవనాటి సాయంకాలమునకు అవియే బయటికి వచ్చును.